కిప్పా అల్లడం అంటే అసలు ఏం అల్లుతున్నట్టు?

యూదు మగవాళ్ళు నడినెత్తిన పెట్టుకునే చిన్న గుండ్రటి టోపీ మీరు చూసే ఉంటారు. హీబ్రూలో దాన్ని కిప్పా అంటారు, గుమ్మటం అని అర్థం. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాట్లాడే ఇళ్ళల్లో అదే యార్ముల్కె. చేత్తో అల్లడం నేర్చుకుందామని నెట్‌లో వెతికితే "నిట్టెడ్ కిప్పా" అని కనిపిస్తుంది, అది చూసి రెండు పొడుగు సూదులూ ఓ ఊలు ఉండా కొనుక్కొచ్చి కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు, నాలుగు రోజులు కష్టపడ్డాక చేతికొచ్చేది మెత్తగా సాగిపోయే చంటిపిల్లల టోపీ, కిప్పా మాత్రం కాదు.

తప్పు వాళ్ళది కాదు, మాటది. అల్లిన కిప్పాని హీబ్రూలో కిప్పా స్రుగా అంటారు, స్రుగా అంటే అల్లినది అని. ఆ భాషలో రెండు సూదులతో చేసే నిట్టింగ్‌కీ ఒక్క కొక్కెం సూదితో చేసే క్రోషేకీ ఒకటే క్రియ. మనకీ అంతే కదా, స్వెట్టర్ అల్లుతాం, లేసు అల్లుతాం, జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, ఎవరికీ అయోమయం రాదు. ఇంగ్లీషులో మాత్రం ఈ రెండూ వేరు వేరు మాటలు, స్రుగాని నిట్టెడ్ అని మార్చి రాసేశారు, అదే స్థిరపడిపోయింది. ఇజ్రాయెల్‌లో అమ్మాయిలు స్కూల్ డెస్క్ కింద పెట్టుకుని అల్లే కిప్పా క్రోషేనే, సన్న కాటన్ దారం, ఒకే ఒక్క కొక్కెం సూది.

రెండిటికీ తేడా ఎందుకంత ముఖ్యం అంటే, నిట్టింగ్‌లో ప్రతి ఉచ్చూ పక్క ఉచ్చుని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది కాబట్టి గుడ్డ సాగుతుంది, క్రోషేలో ఒక్కో కుట్టూ అక్కడికక్కడే ముడిపడిపోతుంది కాబట్టి దట్టంగా, కాస్త బిర్రుగా వస్తుంది. చెవుల దాకా దిగే టోపీకి సాగడం కావాలి. కిప్పా తలని పట్టుకుని ఉండదు, పైన ఊరికే కూర్చుంటుంది, అందుకే తన ఆకారం తనే నిలబెట్టుకోవాలి.

ఈ టోపీ గురించి మాట్లాడేటప్పుడు జనం మూడు విషయాలు కలిపేస్తుంటారు: తల కప్పుకోవాలన్న ఆచారం, అల్లిన కిప్పా అనే గుర్తింపు, గుండ్రంగా అల్లి గుమ్మటం చేసే లెక్క. మూడూ వేరు. మొదటిది చాలా పాతది, రెండోది మొన్నమొన్నటిది, మూడోది మాత్రం సూది పట్టుకున్న ప్రతివాళ్ళకీ కొత్తే.

ఆచారంతో మొదలుపెడతా. యాజకుల తలపాగా సంగతి వదిలేస్తే, మామూలు మగవాడు తల కప్పుకుని తీరాలని యూదుల మూల ధర్మగ్రంథం తోరాలో ఎక్కడా ఆజ్ఞ లేదు. అది పాత పండితుల చర్చలూ కథలూ కూర్చిన తాల్ముడ్‌లో కనిపించే అలవాటు. రావ్ యెహోషువా కొడుకు రావ్ హునా అనే పండితుడు తల మీద ఏమీ లేకుండా నాలుగు మూరల దూరం కూడా నడిచేవాడు కాదట, ఎందుకంటే దైవ సన్నిధి నా తల పైన ఉంది అనేవాడు. మూర అనే కొలత మనకి కొత్త కాదు కాబట్టి నాలుగు మూరలంటే ఎంత తక్కువ దూరమో మీకు చెప్పక్కర్లేదు, ఇంట్లో మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా.

ఇంకో కథ నాకు చాలా ఇష్టం. రావ్ నహ్మాన్ బర్ యిత్స్‌హాక్ వాళ్ళమ్మకి జ్యోతిష్కులు నీ కొడుకు దొంగ అవుతాడని చెప్పారు. ఆవిడ భయపడి వాడి తల ఎప్పుడూ కప్పే ఉంచేది, నాయనా తల కప్పుకో, దేవుడి భయం నీ మీద ఉంటుంది అని, ఎందుకో మాత్రం చెప్పేది కాదు. పెద్దయ్యాక ఒకరోజు ఖర్జూరం చెట్టు కింద కూర్చుని చదువుకుంటుంటే తల మీద వస్త్రం జారిపోయింది, పైకి చూశాడు, మనసు ఆగలేదు, చెట్టెక్కి గెలని పళ్ళతో కొరికేశాడు, అది పరాయి చెట్టు. అమ్మ ఎందుకలా వెంటపడేదో అప్పుడు తెలిసొచ్చింది అతనికి. చట్టం పుస్తకాల కంటే ఈ ఒక్క కథే విషయాన్ని బాగా చెబుతుందని నాకనిపిస్తుంది, తల మీదది అలంకారం కాదు, పైన ఒకరున్నారన్న గుర్తు. తర్వాత 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో రాసిన ధర్మశాస్త్ర సంగ్రహం షుల్ఖాన్ ఆరూఖ్‌లో కూడా అదే నాలుగు మూరల మాట వస్తుంది.

గమనించాల్సింది ఏంటంటే ఎక్కడా ఏ గుడ్డ, ఏ రంగు, ఏ అల్లిక అని లేదు. సైజు మీద రబ్బీలు, అంటే యూదు మతగురువులు, వాదించుకున్నారు, ఎంత చిన్నదైనా చాలని కొందరు, తల చాలావరకు కప్పాలని కొందరు. పెట్టుకునేటప్పుడు దీని కోసం ప్రత్యేకంగా చదివే మంత్రం కూడా లేదు, ఉదయం ప్రార్థనల్లో ఇశ్రాయేలుకి మహిమని కిరీటంగా పెట్టేవాడా అనే ఒక స్తుతి ఉంటుంది, దాన్ని తల కప్పుకోవడంతో ముడిపెట్టి చెబుతారు, అంతే. అంగీ అంచులకి కట్టే త్సిత్సిత్ అనే పోగులు అలా కాదు, వాటిని ఆ ఉద్దేశంతోనే యూదులే వడికి ముడివెయ్యాలి. కిప్పాకి ఆ షరతు లేదు, ఎవరు అల్లినా చెల్లుతుంది. అందుకే గ్వాటెమాలాలో మాయా ఆడవాళ్ళు అల్లిన రంగురంగుల కిప్పాలు అమెరికాలో అమ్ముతారు, ఉగాండాలో అబయుదాయ అనే యూదు సమాజం తమవి తామే అల్లుకుని బయటికీ పంపుతుంది.

దారం విషయంలో మాత్రం ఒక నియమం గట్టిగా ఉంది, ఉన్నీ నార కలిపిన గుడ్డ వేసుకోకూడదు, దాన్ని షాత్నెజ్ అంటారు, లేవీయకాండంలోనూ ద్వితీయోపదేశకాండంలోనూ ఉంది. నార అంటే ఇక్కడ లినెన్, అవిసె నార. ఉన్ని ఒక్కటే అయితే ఫర్వాలేదు, లినెన్ ఒక్కటే అయినా ఫర్వాలేదు, రెండూ కలవకూడదు. బహుమతిగా అల్లి ఇద్దామనుకునేవాళ్ళు దారం ఉండ మీద లేబుల్ చదవండి, ఎందుకంటే ఈ మధ్య మిక్స్ దారాలు చాలా వస్తున్నాయి. స్వచ్ఛమైన కాటన్ అయితే అసలు ఏ గొడవా లేదు. ఇంకోటి, అల్లడం అనేది సబ్బాతులో, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినంలో, చెయ్యకూడని పనుల కిందకి వస్తుంది, కాబట్టి ఆచారం పాటించే ఇంట్లో శుక్రవారం పొద్దు కుంకక ముందే సూది పక్కన పెట్టేస్తారు, వరుస మధ్యలో ఉన్నా సరే.

ఆడవాళ్ళ సంగతి వేరే దారి. ఆర్థొడాక్స్ సంప్రదాయంలో పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు కప్పుకుంటారు, స్కార్ఫు, అల్లిన జాలి సంచీ లాంటి స్నూడ్, లేదా విగ్గు. ఇక్కడ మనకి నేరుగా తగిలే ముచ్చట ఒకటుంది. 2004లో జెరూసలేంలోని రబ్బీ యోసెఫ్ షాలోం ఎల్యాషివ్, తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలు వేరే దేవుడికి చేసిన అర్పణ కిందకి వస్తాయి కాబట్టి ఆ జుట్టుతో చేసిన విగ్గులు పెట్టుకోకూడదని తీర్పిచ్చారు, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. మన కొండ మీద కత్తిరించిన జుట్టు అక్కడిదాకా వెళ్ళి అంత మథనం రేపింది. అదే వేరే వ్యాసం అవుతుంది, ఇక్కడితో ఆపేస్తా. సంస్కరణవాద సమాజాల్లో ఆడవాళ్ళు కూడా కిప్పా పెట్టుకుంటారని మాత్రం చెప్పాలి.

ఇప్పుడు గుర్తింపు. ఇజ్రాయెల్‌లో ఒక మనిషి తల మీద కిప్పా చూసి అతను ఏ గుంపువాడో చాలావరకు చెప్పేస్తారు. నల్ల వెల్వెట్‌ది అయితే హరేదీ అనే కఠిన సంప్రదాయవాది. తల మొత్తం కప్పే పెద్ద తెల్లటి అల్లిక టోపీ, నెత్తిన చిన్న కుచ్చు, అంచున తమ గురువు రబ్బీ నహ్మాన్ (పై కథలోని ఆయన కాదు) పేరు ఉంటే బ్రెస్లవ్ అనే హసీదు భక్తి వర్గంలో ఒక శాఖ. రంగుల అంచుతో చిన్నగా అల్లిన క్రోషే కిప్పా అయితే జాతీయవాద మతస్థుడు, అంటే మతాన్నీ పాటిస్తూ సైన్యంలో చేరి, బయటి చదువులు చదివి, దేశ నిర్మాణం కూడా ధర్మమే అనుకునే వర్గం. ఆ వర్గాన్ని పేపర్లలో కిప్పోత్ స్రుగోత్ అనే రాస్తారు, అల్లిన కిప్పాలు అని, టోపీ పేరే మనుషుల పేరైపోయింది.

చాలామంది ఇదేదో వేల ఏళ్ళ సంప్రదాయం అనుకుంటారు, కాదు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక, 1950లూ 60ల్లో బ్నెయ్ అకీవా లాంటి యువజన సంఘాల పిల్లల్లో ఈ చిన్న అల్లిక కిప్పా పాకింది, 1967 యుద్ధం తర్వాత రాజకీయ గుర్తుగా కూడా గట్టిపడింది. అందులో మళ్ళీ సైజుని బట్టి తేడాలు, పెద్దగా ముతకగా ఉంటే ఒక అర్థం, మరీ చిన్నగా వెనక్కి పెట్టుకుంటే ఇంకో అర్థం. 2021లో ప్రధాని అయిన నఫ్తాలీ బెన్నెట్ పెట్టుకునేది ఈ చిన్న రకమే, కిప్పాతో తిరిగే మనిషి ఆ దేశానికి ప్రధాని కావడం అదే మొదటిసారి. ఈ గుర్తులు చూసి మనిషిని అంచనా వెయ్యడం నాకు నచ్చదు, పిల్లాడు వాళ్ళక్క అల్లిందని పెట్టుకుని ఉండొచ్చు, కానీ ఆ చదువు అక్కడ అందరికీ వచ్చు, తెలియకుండా పెద్ద తెల్ల టోపీ అల్లి ఇస్తే అవతలివాళ్ళు ఇబ్బంది పడతారు, కాబట్టి అల్లేవాళ్ళు ముందే అడగడం మంచిది.

అమెరికాలో గొడవ ఇంకో రకం. వైమానిక దళంలో సైకాలజిస్టుగా పనిచేసిన ఒక ఆఫీసర్ యూనిఫాంతో కిప్పా పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, గోల్డ్‌మన్ వర్సెస్ వైన్‌బర్గర్ కేసు, 1986లో సుప్రీం కోర్టు 5–4 తేడాతో సైన్యం వైపే తీర్పు చెప్పింది. మరుసటి ఏడు కాంగ్రెస్ చట్టం చేసి ఆడంబరం లేని మత చిహ్నాలకి అనుమతి ఇచ్చింది.

ఈ చిన్న క్రోషే కిప్పాకి అసలు ప్రాణం ఎక్కడుందంటే అది కొనేది కాదు, ఎవరో అల్లి ఇచ్చేది. ఆ వర్గంలో ఆడపిల్లలు పది పన్నెండేళ్ళకే నేర్చుకుంటారు, తమ్ముడికి ఒకటి, నాన్నకి ఒకటి, సైన్యానికి వెళ్ళే అన్నకి ఒకటి. ఓ వయసొచ్చాక ఒక అబ్బాయికి కిప్పా అల్లి ఇచ్చిందంటే చుట్టూ ఉన్నవాళ్ళకి విషయం అర్థమైపోతుంది, నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. నిశ్చితార్థానికి కూడా అల్లి ఇస్తారు.

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. గోదావరి డెల్టాలో ఆ వైపు ఇంటింటా ఆడవాళ్ళు క్రోషే లేసు అల్లుతారు, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతిపని ఒకళ్ళు, ఆ ముక్కల్ని కలిపే అతుకుపని ఇంకొకళ్ళు, అంతా కలిసి ఏ దేశానికో ఎవరింటి టేబుల్ మీదకో వెళ్ళిపోయేది, ఎవరి కోసం అల్లుతున్నామో ఎప్పటికీ తెలీదు. అదే కొక్కెం సూది, అదే కాటన్ దారం, ఇక్కడ ముక్క లెక్కన కూలి, అక్కడ ఒక తల కోసం ఒక టోపీ. నాతో పనిచేసే స్నేహితురాలు వాళ్ళబ్బాయి బార్ మిట్స్వాకి, అంటే పదమూడేళ్ళు నిండినప్పుడు చేసే వేడుకకి, ఒకటి అల్లిపెడతావా అని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ తేడానే. అమ్మమ్మ నేర్పిన చెయ్యి ఉంది కదా, తేలికే అనుకున్నా. లేసు చదునుగా ఉంటుంది, తల గుండ్రంగా ఉంటుంది, కష్టమంతా అక్కడే.

లెక్క చెప్తా, నిదానంగా చూడండి. మామూలుగా వాడే దారం పెర్ల్ కాటన్ 8 నంబర్, 10 గ్రాముల చిన్న ఉండలో సుమారు 80 మీటర్లు వస్తుంది, సూది 1.25 లేదా 1.5 మిల్లీమీటర్లు. కుట్టు సింగిల్ క్రోషే. అమెరికావాళ్ళు సింగిల్ అనే దాన్నే బ్రిటిష్ పుస్తకాలు డబుల్ అంటాయి, మీ ప్యాటర్న్ ఎక్కడిదో ముందే చూసుకోకపోతే మొత్తం జాలీలాగా వస్తుంది. మధ్యలో ఒక ఉచ్చు వేసి దాంట్లో 6 కుట్లు, రెండో వరుసకి 12, మూడోదానికి 18, ఇలా వరుసకి ఆరు పెంచుకుంటూ పోతే చదునైన చక్రం వస్తుంది. ఆరే ఎందుకు? సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం, ఒక వరుస పెరిగితే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది, చుట్టుకొలత దానికి రెండు పైల రెట్లు, అంటే ఆరుంపావు కుట్లు పెరగాలి. ఆ ఆరుంపావుని ఆరు చేసుకున్నాం. స్కూల్లో బట్టీ పట్టిన పై అక్కడ దారంలో కనిపిస్తుంది, నాకు ఆ రోజు నిజంగా ఒళ్ళు పులకరించింది.

ఆరు కంటే ఎక్కువ పెంచితే అంచు కాల్చిన అప్పడంలా అలలు తిరుగుతుంది, మరీ తగ్గిస్తే గిన్నెలా ముడుచుకుంటుంది. కిప్పాకి కావాల్సింది ఈ రెండిటికీ మధ్యలో, చాలా కొద్దిగా మాత్రమే వంగాలి. ఎంత కొద్దిగా? పెద్దవాళ్ళ తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు అనుకుంటే, దాన్ని గోళంగా తీసుకుంటే వ్యాసార్థం దాదాపు 9. కిప్పా మధ్య నుంచి అంచుదాకా 7 సెంటీమీటర్లు, ఒక్కో వరుస 2 మిల్లీమీటర్లు, మొత్తం 35 వరుసలు. చదునుగా పోతే చివరి వరుసలో 210 కుట్లు ఉండాలి. తల మీద సరిగ్గా కూర్చోవాలంటే 190 చాలు, పదోవంతు తక్కువ. సగం దూరంలో చూస్తే ఆ తేడా వందకి రెండున్నర మాత్రమే, అంటే మొదటి 17 వరుసలు కళ్ళు మూసుకుని చదును లెక్కలోనే అల్లుకోవచ్చు, తర్వాత 18 వరుసల్లో ఓ మూడు వరుసలు పెంచకుండా వదిలేస్తే 192 దగ్గర తేలుతుంది, గుమ్మటం దానంతట అదే వస్తుంది. పెంచే చోట్లు ప్రతి వరుసలోనూ ఒకదాని మీద ఒకటి పడకూడదు, పడితే చక్రం కాస్తా ఆరు పలకలవుతుంది, కాస్త జరుపుకుంటూ పోవాలి.

కొత్తవాళ్ళు నిరాశపడేది ఇంకోచోట. సగం వ్యాసార్థం రాగానే సగం పని అయిపోయిందనుకుంటారు, నిజానికి మొత్తం సుమారు 3,700 కుట్లలో అప్పటికి 918 మాత్రమే పడ్డాయి, పావువంతు. మిగతా ముప్పావు బయటి వరుసల్లోనే ఉంది, పైగా డిజైన్ కూడా అక్కడే.

డిజైన్ వేసేది రెండు రంగుల దారంతో. వాడని రంగు దారాన్ని కుట్ల లోపలే దాచి వెంట తీసుకెళ్తారు, కావాల్సిన చోట రంగు మారుస్తారు. ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, 192 కుట్లలో మీ పువ్వు సరిసమానంగా పట్టాలి, 16 కుట్ల పువ్వయితే 12 వస్తాయి, 15 కుట్ల పువ్వయితే చివర ఒకటి తెగిపోతుంది. రెండోది, చుట్టూ తిరుగుతూ అల్లే సింగిల్ క్రోషేలో ప్రతి కుట్టూ కింద కుట్టుకి సరిగ్గా నడినెత్తిన కూర్చోదు, కుడిచేతివాళ్ళకి కాస్త కుడికి ఒరుగుతుంది. పది వరుసలయ్యేసరికి నిలువు గీత ఏటవాలు గీత అయిపోతుంది. అందుకే కిప్పా అంచుల్లో ఏటవాలు ఆకులు, అలలు, మెట్లు ఎక్కువగా కనిపిస్తాయి, ఆ ఒరుగుని దాచే ప్రయత్నం చెయ్యకుండా దాన్నే డిజైన్ చేసుకున్నారు తెలివిగా. దావీదు నక్షత్రం లాంటిది నిటారుగా రావాలంటే గ్రాఫ్ కాగితం మీదే ఎడమకి వాల్చి గీసుకోవాలి.

ఇంక పేరు. అంచులో పేరు అల్లించుకోవడం చాలామందికి సరదా, ఆ అబ్బాయి కూడా అడిగాడు, హీబ్రూలో నాలుగక్షరాల పేరు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు, కుడిచేత్తో క్రోషే కూడా కుడి నుంచి ఎడమకే నడుస్తుంది, రెండూ భలే కలిశాయనుకుని మొదలుపెట్టి ఒక వరుస అల్లాక ఆగిపోయా. అల్లేటప్పుడు అంచు పైకి ఉంటుంది, తల మీద పెట్టుకున్నాక అంచు కిందకి వస్తుంది. అంటే పేరు నిటారుగా కనిపించాలంటే అక్షరాలు తలకిందులుగా అల్లాలి, ముందు అక్షరం తల, చివర్న పాదం, దాంతో దిక్కు కూడా తిరగబడుతుంది, ప్రతి వరుసలోనూ చివరి అక్షరం ముందొస్తుంది. ఆ వరుస విప్పేసి గ్రాఫ్ మళ్ళీ గీసుకున్నా.

ఆ రాత్రి కుతూహలం ఆగక తెలుగులో ఒక పేరు కూడా గ్రాఫ్ మీద వేసి చూశా. మనది ఎడమ నుంచి కుడికి కాబట్టి ప్రతి వరుసలోనూ అక్షరాలు చదివే క్రమంలోనే వస్తున్నాయి, పైగా మొట్టమొదట పడేది తలకట్టు. మనకి తలకట్టు అంటే అక్షరం మీద గీతే కాదు, తలపాగా కూడా. కాకపోతే మన అక్షరాల గుండ్రాలు చదరపు గళ్ళల్లో తొందరగా ఒదగవు, హీబ్రూకి 7 వరుసలు చాలితే మనకి ఇంకా ఎక్కువ కావాలి. ఇది ఊరికే వినోదం కాదు, గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది, వాళ్ళకి ప్రార్థనా మందిరం కూడా ఉంది, తెలుగు పేరున్న కిప్పా పెట్టుకునే తల నిజంగానే ఉండొచ్చు.

ముగింపు పని తేలికే. దారం చివరలు లోపలి కుట్లలో దూర్చి కత్తిరించాలి, ముడి వేస్తే తలకి గుచ్చుకుంటుంది. తర్వాత తడిపి, తల వంపుకి దగ్గరగా ఉన్న స్టీలు గిన్నె బోర్లించి దాని మీద ఆరబెట్టాలి, ఆరేలోపు ఒకట్రెండు సార్లు అంచు సర్దాలి. జారకుండా క్లిప్పు పెట్టుకుంటారు, చిన్న కిప్పాకి అది తప్పదు.

26వ వరుస నుంచి 32 దాకా ఆ పేరు నేనే అల్లినా నాకు ఒక్కసారి కూడా పేరులా కనిపించలేదు, నీలం చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోయానంతే. గిన్నె మీద బోర్లించాక చదవగలిగా. వేడుక రోజు పిల్లాడు దాన్ని పెట్టుకుని అటు తిరిగి తోరా చదవడానికి ముందుకి నడుస్తుంటే, వెనక వరుసలో కూర్చున్న వాళ్ళ తాతయ్య ముందుకి వంగి ఆ నాలుగక్షరాలూ కుడి నుంచి ఎడమకి మెల్లగా చదువుకున్నాడు.